గౌరవ కాన్సుల్ పదవికి సిఫార్సు సరిపోతుందా?

ప్రశ్న: పలాసలో ముప్పై ఏళ్లుగా జీడిపప్పు వ్యాపారం చేస్తున్నాను. మా ఫ్యాక్టరీకి కావలసిన పిక్కల్లో ఎక్కువ భాగం పశ్చిమ ఆఫ్రికాలోని ఒక దేశం నుంచి విశాఖ రేవుకు వస్తుంది. విశాఖపట్నంలో ఆ దేశపు గౌరవ కాన్సుల్‌గా నన్ను వేయిస్తానని, ఒక మాజీ మంత్రి లేఖ ఉంటే పని అయిపోతుందని ఢిల్లీలోని ఒక మధ్యవర్తి అంటున్నారు. ఖర్చులకని ముందే సొమ్ము అడుగుతున్నారు. పదవి వస్తే కస్టమ్స్‌లోనూ పన్నుల్లోనూ వెసులుబాటు ఉంటుందట. నిజమేనా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: ఆ మధ్యవర్తికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మిగిలిన విషయం ఆ తరువాత నిదానంగా ఆలోచించవచ్చు.

గౌరవ కాన్సుల్ అంటే, మరో దేశం తరఫున ఇక్కడ ఆ దేశపు పౌరుల పనులు చూసే స్థానిక ప్రతినిధి. ఈ పదవి ఏ ఒక్కరి చేతిలోనూ లేదు. కాన్సులర్ సంబంధాలపై 1963లో వియన్నాలో కుదిరిన ఒప్పందం ప్రకారం, మిమ్మల్ని ఎంచుకొని నియామక పత్రం ఇవ్వవలసింది ఆ దేశ ప్రభుత్వం. దాన్ని అంగీకరించి, ఎగ్జిక్వెటర్ అనే అనుమతి ఇవ్వవలసింది భారత ప్రభుత్వం. మీరు భారత పౌరులు కనుక మన ప్రభుత్వం స్పష్టంగా సమ్మతిస్తే తప్ప నియామకం చెల్లదు. నిరాకరిస్తే కారణం చెప్పవలసిన అవసరం కూడా ప్రభుత్వానికి లేదు. మాజీ మంత్రి గారి లేఖ మిమ్మల్ని పరిచయం చేయగలదు, అంతకు మించి దానికి బలం లేదు.

పరిచయాల ద్వారా అడగడమే తప్పని నేను అనను. వర్జీనియా నుంచి వచ్చి లివర్‌పూల్‌లో పొగాకు వ్యాపారం చేసుకొంటున్న జేమ్స్ మౌరీ 1790లో అక్కడ అమెరికా కాన్సుల్ అయ్యాడు. అప్పటి విదేశాంగ మంత్రి జెఫర్సన్ చిన్ననాడు చదువుకొన్నది మౌరీ తండ్రి దగ్గరే. ఆ స్నేహం అక్కరకు వచ్చిందనడంలో నాకు సందేహం లేదు. కానీ ఆయన జీతం లేకుండా, వచ్చే రుసుములతోనే 1829లో అమెరికా అధ్యక్షుడు జాక్సన్ ప్రభుత్వం తొలగించేవరకు పనిచేశాడు. ఇక మన దేశపు సంగతే చూడండి. బెంజమిన్ జాయ్ అనే వర్తకుణ్ణి 1792లో సాక్షాత్తు అధ్యక్షుడు వాషింగ్టనే కలకత్తాకు కాన్సుల్‌గా నియమించినా, 1794లో ఆయన ఇక్కడికి చేరేసరికి ఈస్టిండియా కంపెనీ ఆ హోదాను గుర్తించలేదు. స్థానిక చట్టాలకు లోబడి వాణిజ్య ప్రతినిధిగా ఉండవచ్చునని మాత్రమే ఒప్పుకొంది. పంపేవారు ఎంతటివారైనా, చేర్చుకొనేవారు సరేననకపోతే పదవి లేదు.

వెసులుబాట్ల మాట పూర్తిగా తప్పుదారి పట్టించేది. సుంకం లేకుండా తెప్పించుకోగలిగేవి కార్యాలయానికి అవసరమైన జెండాలు, బోర్డులు, ముద్రలు, పుస్తకాలు, బల్లలూ కుర్చీల వంటివి. మీ పిక్కల బస్తాలకు అది వర్తించదు. మీ వ్యాపార లాభంపై పన్ను మామూలుగానే కట్టాలి. భారత పౌరుడైన కాన్సుల్‌కు కోర్టుల నుంచి రక్షణ ఉండేది అధికార హోదాలో చేసిన పనులకే కాబట్టి, చెక్కు చెల్లకపోయినా, సరుకు తగాదా వచ్చినా అందరిలాగే మీరూ కోర్టుకు వెళ్లవలసిందే. కారు మీద జెండా కూడా అధికార పనికి వెళ్లేటప్పుడే. కాన్సులేట్ కాగితాలకు రక్షణ కావాలంటే వాటిని వ్యాపార కాగితాలతో కలపకూడదని ఆ ఒప్పందమే చెబుతోంది. మీ గుమస్తా బస్తాల లెక్క రాసే పుస్తకమూ, ఆ దేశపు ముద్రా ఒకే బీరువాలో ఉండటానికి వీల్లేదు.

అసలు పని గురించి ఆ మధ్యవర్తి మీకు ఏమీ చెప్పినట్టు లేదు, నన్ను బాధించినది అదే. విశాఖలో చదువుకొనే ఆ దేశపు పిల్లవాడు పాస్‌పోర్టు పోగొట్టుకొంటే అర్ధరాత్రి ఫోన్ మీకే వస్తుంది. రేవులో దిగిన నావికుడు జబ్బుపడి ఆసుపత్రిలో చేరినా, మరణించి మృతదేహాన్ని ఇంటికి పంపవలసి వచ్చినా, పోలీస్ స్టేషనుకూ ఆసుపత్రికీ తిరగవలసినది మీరే. ఈ పనికి సాధారణంగా జీతం ఉండదు, ఆఫీసు ఖర్చు కూడా చాలాసార్లు సొంత జేబులోదే.

ఇదంతా తెలిసి కూడా మీకు ఇష్టమైతే, ఢిల్లీలోని ఆ దేశపు రాయబార కార్యాలయానికి మీరే నేరుగా రాయండి. ఎన్నేళ్లుగా ఆ దేశంతో వ్యాపారం చేస్తున్నారో, వారి భాష తెలిసినవారు మీ దగ్గర ఎవరున్నారో, విశాఖలో ప్రత్యేకంగా ఒక గది ఇవ్వగలరో లేదో అందులో రాయండి. పెండింగులో ఉన్న కేసులు, బాకీలు ఏవైనా ఉంటే వాటినీ దాచకండి, ఎలాగూ విచారణలో బయటపడతాయి. మాజీ మంత్రి గారు మిమ్మల్ని నిజంగా ఎరిగినవారైతే, ఆయన లేఖను దానికి జతచేయవచ్చు.