ఫాంటమ్ క్లాసుకు బయలుదేరే ముందు

చిరంజీవి మేనకోడలికి,

అత్త ఆశీర్వదించి రాయునది. ఈ సెలవుల్లో మీ నాన్న పాత చేతి ఆటల యంత్రం పీఎస్‌పీని బయటికి తీసి, తేలే నౌకల పందెం ఆట వైపౌట్ పల్స్‌లో పోటీల గ్రిడ్లన్నీ దాటుకుంటూ అన్నిటికన్నా వేగమైన ఫాంటమ్ క్లాసు దాకా వెళ్లి తీరాలని నువ్వు పట్టుబట్టావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. విన్న వెంటనే గర్వపడ్డాను, ఆ వెనకే భయమూ వేసింది. ఆ ఆట మా ఇద్దరికీ ఎంత ప్రాణమో నీకు తెలుసు. అందుకే ఫోనులో నాలుగు మాటలతో సరిపెట్టక ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా బ్యాటరీ సంగతి. ఇది చూడనిదే ఆట మొదలుపెట్టవద్దు. అది 2007లో వచ్చిన ఆట. యంత్రంలోని లిథియం అయాన్ బ్యాటరీ కూడా ఇంచుమించు ఆ కాలానిదే. ఆ వయసు బ్యాటరీలు లోపల వాయువు చేరి ఉబ్బే ప్రమాదం ఉంది. వెనక మూత తీసి, బ్యాటరీని చదునైన బల్ల మీద పెట్టి చూడు. ఏమాత్రం ఊగినా, మూత బిగుతుగా పట్టినా, దాన్ని చార్జింగుకు పెట్టకు, నొక్కకు, గుచ్చకు. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట పెద్దవాళ్ల చేత ఇప్పించు. బ్యాటరీ లేకపోయినా అడాప్టర్ తగిలిస్తే పీఎస్‌పీ పనిచేస్తుంది కనుక ఆట ఆగిపోతుందన్న బెంగ అక్కరలేదు. ఇంకొక మాట: ఆ ఆటలో మెరుపులు ఎక్కువ, తెర చూస్తే 4.3 అంగుళాలే. చీకట్లో దుప్పటి కప్పుకొని ఆడావని తెలిస్తే నేను ఊరుకోను. గదిలో దీపం వెలగాలి, 20 నిమిషాలకొకసారి తల ఎత్తి దూరంగా చూడాలి. కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ, నీ కళ్ల గురించే నా భయం.

మొదట ఫైసర్ నౌక తీసుకో, చెప్పినట్టు తిరుగుతుంది. కైరెక్స్ వేగం చూసి మనసు పారేసుకోకు, దాని బరువు మలుపుల్లో తెలుస్తుంది. వీనమ్, ఫ్లాష్, రేపియర్ క్లాసుల్ని వరసగా దాటిరా. దేన్నీ దూకి వెళ్లకు.

నడపడం నేర్పేది జోన్ పోటీయే. అందులో ఆయుధాలుండవు, ప్రత్యర్థులుండరు, వేగం దానంతట అదే పెరుగుతూ పోతుంది, షీల్డ్, అంటే నౌకను కాపాడే శక్తి, అయిపోయేదాకా గోడలకు తగలకుండా నిలవడమొక్కటే నీ పని. భుజాల మీది ఎల్, ఆర్ మీటలే ఎయిర్‌బ్రేకులు. కొత్తవాళ్లు మలుపంతా ఎడమ బొటనవేలితోనే తిప్పాలని చూసి గోడను రాసుకుంటారు. మలుపు ఏ వైపైతే ఆ వైపు ఎయిర్‌బ్రేకును ముందే తేలికగా తాకించి వదిలితే ముక్కు తనంతట తాను లోపలికి వస్తుంది. మీటను బిగబట్టి ఉంచితే వేగం చచ్చిపోతుంది. అదే మీటను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే నౌక పక్కకు జరుగుతుంది. చివరి క్షణంలో గోడ నుంచి కాపాడేది అదే. ఈ రెండూ ఆలోచించకుండా వేళ్లకు వచ్చేదాకా ఆయుధాల జోలికి వెళ్లకు.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది మీ నాన్న చేసిన పొరపాటు. అతనే నీకు చెప్పి ఉండడు, అందుకే వివరంగా రాస్తున్నాను. మీ నాన్న చేయి నా చేయి కన్నా ఎంతో చురుకైనది. రేపియర్ దాకా అతనికి ఎదురు లేదు. ఫాంటమ్‌కు వచ్చాక మాత్రం గెలవవలసిన పందేలన్నీ చివరి ల్యాపులో పేలిపోవడంతో ముగిసేవి. పక్కన కూర్చుని చూసేదాన్ని కనుక కారణం నాకు తెలిసేది. వెనక నుంచి ఎవరో క్షిపణి వేస్తారు, మొదటి స్థానం పోతుంది, మీ నాన్న ముఖం ఎర్రబడుతుంది. ఆ తరువాత అతను పందెం ఆడడం మానేసి, తనను కొట్టిన ఆ ఒక్క నౌకను వేటాడడం మొదలుపెడతాడు. ఒకసారి షీల్డ్ అట్టడుక్కి వచ్చిన వేళ ప్లాస్మా అనే ఆయుధం దొరికింది. వృత్తం గుర్తు మీట నొక్కితే ఆ ఆయుధం శక్తిగా మారి నౌకలో కలిసిపోయేది, ప్రాణం నిలిచేది. “తమ్ముడూ, మింగేయరా!” అని నేను అరుస్తూనే ఉన్నాను. అతను పేల్చే మీట, చతురస్రం గుర్తుది, నొక్కాడు. ప్లాస్మా వెలువడడానికి కాస్త సమయం పడుతుంది, వెలువడ్డాక తిన్నగానే పోతుంది. ఈలోగా ఎదుటి నౌక మలుపు తిరిగిపోయింది. గురి మీదే చూపు నిలిపిన మీ నాన్న మలుపు చూసుకోలేదు. మూడో స్థానంలో ఉండి, గమ్యం దగ్గరపడిన వేళ, గోడకు కొట్టుకుని పేలిపోయాడు. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు. పాపం, నాకే ఏడుపు వచ్చింది.

ఆ రోజుల్లో మా ఇద్దరికీ తట్టని విషయం ఇది. ఈ ఆటలో శక్తి ప్రాణం కాపాడుకోవడానికి మాత్రమే కాదు, దానితో వేగాన్ని కొనుక్కోవచ్చు. ట్రాక్ నుంచి గాలిలోకి లేచినప్పుడు నౌకను తిప్పే దిశ మీటలను ఎడమ, కుడి, ఎడమ అని చకచకా నొక్కితే నౌక ఒక పల్టీ కొడుతుంది, నేల తాకగానే ఊపు అందుకుంటుంది. ఆ పల్టీకి కొంత షీల్డ్ ఖర్చవుతుంది. కాబట్టి దొరికిన ఆయుధాన్ని మింగినవాడు తరువాతి ఎత్తు దగ్గర ధైర్యంగా పల్టీ కొట్టగలడు. కోపంతో పేల్చినవాడు ఆ అవకాశాన్ని గాలికి వదిలినట్టే. ఇది తెలిశాక మీ నాన్న పల్టీలు ఎక్కడెక్కడ వేయవచ్చో ఒక్కొక్క ట్రాక్‌కూ కాగితం మీద గుర్తులు పెట్టుకున్నాడు. మాగ్‌స్ట్రిప్పులున్న చోట నౌక తలకిందులైనా ట్రాక్‌నే అంటిపెట్టుకుని ఉంటుంది కనుక అక్కడ పల్టీకి వీలుండదని కూడా అందులోనే రాసుకున్నాడు. ఆ కాగితాలు ఇంకా ఉన్నాయేమో అడుగు. నువ్వు అడిగితే కాదనలేడు.

అసలు పేల్చవద్దని కాదు. ట్రాక్ పొడవునా అలలా సాగే క్వేక్‌ను ముందు నౌకలు గుంపుగా ఉన్నప్పుడు వేస్తే దారి తెరుచుకుంటుంది. ఎదుటివాడి శక్తిని పీల్చి నీకిచ్చే లీచ్ బీమ్ దొరికితే వాడు. ప్రత్యర్థులను పేల్చడమే పనిగా ఉండే ఎలిమినేటర్ పోటీలో ఎలాగూ కొట్టక తప్పదు. మిగిలినప్పుడు షీల్డ్ సగానికి దిగితే ఏది దొరికినా మింగు, ఎవరు కొట్టినా సరే.

నీకు మీ నాన్న చురుకూ ఉంది, ఆ కోపమూ ఉంది. అందుకే ఇంత రాశాను. ఫాంటమ్‌లో మొదటి పతకం ఏ ట్రాక్ మీద, ఏ నౌకతో వచ్చిందో నాకు రాయి. బ్యాటరీ చూశావో లేదో మాత్రం ఈ ఉత్తరం అందిన రోజే ఫోను చేసి చెప్పు.

ఇట్లు,
మీ అత్త