కడుపుతోని ఉన్నరని క్లాస్ డ్రాప్ చేసే ముందు ఒక్కసారి ఇది చదువున్రి

మిర్యాలగూడ నుంచి ఇక్కడ అమెరికాకు చదువనీకి వచ్చిన ఒక చెల్లె మొన్న రాత్రి మెసేజ్ పెట్టింది, అక్కా నాకు నాలుగో నెల, ఎమ్మెస్ మొదటి సెమిస్టర్, మార్చిల డెలివరీ, మా ప్రొఫెసర్ వచ్చే సెమిస్టర్ వదిలేసి రెస్ట్ తీసుకో అంటున్నడు, అమ్మేమో తొలి కాన్పు తల్లిగారింట్లనే కావాలె వచ్చేయ్ అని ఫోన్ల ఏడుస్తున్నది, ఏం చెయ్యాలె అని. ఇట్లాంటివి ఈ ఏడాది చానా వస్తున్నయి, అందుకే అందరికి కలిపి రాస్తున్న.

ముందుగాల ఒకటి, ప్రొఫెసర్ అట్ల సలహా ఇయ్యొచ్చు కానీ బలవంతం చెయ్యనీకి లేదు. అమెరికాల టైటిల్ నైన్ అని 1972 నుంచి చట్టం ఉన్నది, కేంద్ర ప్రభుత్వం పైసలు తీసుకునే ప్రతి కాలేజీకి అది వర్తిస్తది, అంటే మనోళ్లు చదివే యూనివర్సిటీలు దాదాపు అన్ని వస్తయి. ఎఫ్ వన్ అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్నోళ్లకు కూడ అదే హక్కు. కడుపుతోని ఉన్నదని క్లాస్ నుంచి గానీ ల్యాబ్ నుంచి గానీ తీసేయొద్దు, డాక్టర్ ఎన్ని రోజులు అవసరం అంటే అన్ని రోజులు సెలవు ఇయ్యాలె, తిరిగొచ్చినంక పోయినప్పుడు ఏ స్థితిల ఉన్నదో ఆ స్థితిలనే పెట్టాలె. 2024ల వచ్చిన కొత్త రూల్స్ అని వాట్సాప్‌ల ఇంకా ఒక పీడీఎఫ్ తిరుగుతున్నది, వాటిని 2025 జనవరిల కోర్టు కొట్టేసింది, దాన్ని చూపించి కొట్లాడకున్రి. నేను పైన రాసినయి 1975 నాటి పాత రూల్సే, అవి అట్లనే ఉన్నయి.

నా సంగతి చెప్పాలంటే, 2013ల బాబు పుట్టినప్పుడు పది రోజులు క్లాస్‌కు పోలే, అటెండెన్స్ పాయింట్లు కట్ చేసి బీ రావాల్సినకాడ సీ ఇచ్చిన్రు. పచ్చి బాలింతను, సార్ రూమ్ ముంగట నిలబడి బతిమిలాడిన, అది అడుక్కునేది కాదు హక్కు అని తెలిసేసరికి సెమిస్టరే అయిపోయింది. ప్రతి కాలేజీల ఇట్లాంటి హక్కుల సంగతి చూసేటందుకు టైటిల్ నైన్ కోఆర్డినేటర్ అని ఒకరు ఉంటరు, అప్పుడు నాకు ఆ పేరే తెల్వదు. వాళ్లతోని ఫోన్ల మాట్లాడి వదిలేయకున్రి, మెయిల్ పెట్టున్రి.

ఇగ అసలు ఇరుక్కునేది ఇక్కడ. కాలేజీ సెలవు ఇచ్చింది కద అని మనోళ్లు సంబురంగ క్లాసులు డ్రాప్ చేస్తరు, వీసా సంగతి వేరే ఆఫీసుల ఉంటది. ఫుల్ టైం కంటే తక్కువ క్రెడిట్లు తీసుకోవాలంటే డీఎస్ఓ, అంటే కాలేజీల మన వీసా కాగితాలు చూసే ఆఫీసర్, ముందుగాల అప్రూవ్ చెయ్యాలె, ముందుగాల అంటే డ్రాప్ బటన్ నొక్కకముందు. మెడికల్ కారణం మీద తగ్గించుకోవచ్చు, అవసరమైతే ఒక్క క్రెడిట్ కూడ లేకుండ ఉండొచ్చు, కానీ ఆ డిగ్రీ మొత్తంల కలిపి 12 నెలలే, అది కూడ ప్రతి సెమిస్టర్‌కు మళ్ల అప్రూవ్ చేయించుకోవాలె. లెటర్ ఎండీ గానీ డీఓ గానీ అయిన డాక్టర్ దగ్గరే తీసుకోవాలె, మిడ్‌వైఫ్ రాసిచ్చింది పనికి రాదు. దాంట్ల ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాక, ఎన్ని క్రెడిట్లు తగ్గించాలె అని సాఫ్‌గ రాయించుకోన్రి.

ఇంటికి పోయి కాన్పు చేయించుకుంట అంటే అది ఇంకో లెక్క. చదువు ఆపి 5 నెలలు దాటి బయట ఉంటే మామూలుగ కొత్త ఐ ట్వంటీ (వీసాకు కాలేజీ ఇచ్చే కాగితం), మళ్ల దాని ఫీజు, సీపీటీ ఓపీటీకి (చదువుకు సంబంధించిన పని చేసుకునే పర్మిషన్లు) కావాల్సిన ఏడాది చదువు మళ్ల మొదటి నుంచి, పైంగ పుట్టిన బిడ్డకు వీసా. పోవద్దు అంటలే, లెక్కేసుకొని పోన్రి.

టీఏ ఆర్ఏ, అంటే యూనివర్సిటీల టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్ పని చేసేటోళ్లకు ఇంకొకటి, మీరు స్టూడెంటే కాదు ఉద్యోగి కూడ, 2023 జూన్ నుంచి గర్భిణీ ఉద్యోగులకు కుర్చీ, బ్రేక్, ల్యాబ్ కెమికల్స్ నుంచి దూరం ఇట్లాంటి సర్దుబాట్లు అడిగే చట్టం ఉన్నది. ఎఫ్ఎంఎల్ఏ అనే ఉద్యోగుల సెలవు చట్టం మీద మాత్రం ఆశ పెట్టుకోకున్రి, దానికి ఏడాదిల 1250 గంటలు కావాలె, వారానికి 20 గంటల లెక్కన 1040 కూడ దాటదు.

మా టెక్సస్‌ల అయితే గవర్నమెంట్ కాలేజీలకు 2023ల వేరే చట్టాలు కూడ వచ్చినయి, పిల్లలున్న స్టూడెంట్లకు సాయం చేసే మనిషిని పెట్టాలె, క్లాసుల రిజిస్ట్రేషన్ వీళ్లకు ముందుగాల తెరవాలె. పిల్లల తండ్రులకు కూడ వర్తిస్తయి, బావలు కూడ అడగొచ్చు. ఇన్సూరెన్స్ ఒకటి, ఇండియా నుంచి సస్తగ తెచ్చుకున్న ప్లాన్లల చానా వాటికి డెలివరీ కవర్ కాదు, కాగితం తీసి ఈ రోజే చదువున్రి.

ఆ చెల్లెకు ఏం చెప్పిన్నంటే, ఒక్కటే మెయిల్ రాసి కోఆర్డినేటర్‌కు, డీఎస్ఓకు ఇద్దరికి పెట్టు, ప్రొఫెసర్‌ను సీసీల పెట్టు, ఇద్దరి జవాబు వచ్చేదాక ఏ క్లాస్ ముట్టుకోకు. అమ్మకు చెప్పు, నువ్వు మిర్యాలగూడ వచ్చుడు కాదు, ఆమెనే కాయం డబ్బ పట్టుకొని మార్చిల ఇక్కడికి రావాలె, విజిటర్ వీసా స్లాట్ ఇయ్యాల నుంచే చూడుమను.