స్ప్రే గన్ కొనివ్వమంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఏడాదిగా ఒక వర్క్‌షాపులో చెక్కపని నేర్చుకుంటున్నాడు. బ్రష్‌తో పాలిష్ బాగానే వేస్తాడు. ఇప్పుడు స్ప్రే పని నేర్చుకుంటానని, గన్, కంప్రెసర్ కొనివ్వమని పట్టుబట్టాడు. ఇందులో భవిష్యత్తు ఉందా? ఆ వాసనలు చూస్తే ఆరోగ్యం ఏమవుతుందోనని టెన్షన్‌గా కూడా ఉంది.

జవాబు: మీ టెన్షన్ సరైనదే కాబట్టి దాంతోనే మొదలుపెడతాను. ముందు కొనాల్సింది గన్ కాదు, మాస్కు. ముక్కుకి గుడ్డ కట్టుకున్నా, సాండింగ్‌కి వాడే పల్చటి మాస్కు పెట్టుకున్నా థిన్నర్ ఆవిరి ఆగదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌లు (థిన్నర్ లాంటి ఆవిరిని పట్టేసే, మాస్కుకి బిగించే డబ్బీలు), వాటి ముందు పెయింట్ తుంపరను ఆపే ఫిల్టర్లు ఉండి, మొహానికి గట్టిగా అతుక్కునే రెస్పిరేటర్ కావాలి (గడ్డం ఉంటే అది సరిగ్గా అతుక్కోదు, ఆ సంగతి ముందే చెప్పండి). హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి కొట్టే పీయూ, అంటే పాలీయురేథేన్ పాలిష్ జోలికి ఇప్పుడే వెళ్లనివ్వకండి. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి కొందరికి ఉబ్బసం తెచ్చిపెడతాయి, ఒకసారి అలా వచ్చిందంటే ఆ తర్వాత కొంచెం పీల్చినా ఊపిరాడక ఈ పనే వదిలేయాల్సి రావచ్చు. థిన్నర్‌తో పల్చన చేసి కొట్టే లక్కర్ పాలిష్‌కి ఇంకో ప్రమాదం ఉంది, గదిలో ఆవిరి నిండితే మామూలు ఫ్యాన్ మోటారులో పుట్టే నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. అందుకని మొదట్లో వాటర్ బేస్డ్ ఫినిష్‌తోనే నేర్చుకోమనండి. దానికీ మాస్కు, గాలి ఆడే చోటు తప్పవు.

భవిష్యత్తు ఉంది, అందులో నాకు సందేహం లేదు. తలుపులు, కిచెన్ షట్టర్లు, ఫర్నిచర్, ఏది చేసినా కొనేవాళ్లు ముందు చేత్తో తడిమి చూసేది ఫినిషింగునే. ఎంత బాగా అతికించినా పైన పెయింట్ కారిన చారలు కనిపిస్తే ఆ పని చెడిపోయినట్టే.

మెషిన్ విషయంలో మాత్రం తొందరపడకండి. చెక్కపనికి హెచ్‌వీఎల్‌పీ గన్ (ఎక్కువ గాలి, తక్కువ ఒత్తిడితో పనిచేసేది) మంచిది, గన్ మూతి మీది క్యాప్ దగ్గర గాలి ఒత్తిడి 10 పీఎస్‌ఐ (ఒత్తిడిని కొలిచే యూనిట్) దాటదు కాబట్టి తుంపర గాల్లోకి ఎగిరిపోకుండా ఎక్కువ భాగం చెక్క మీదే పడుతుంది. కానీ దానికి గాలి చాలా కావాలి, చిన్న కంప్రెసర్ అందుకోలేదు. ట్యాంకు సైజు చూసి మోసపోకుండా, గన్‌కి ఎన్ని సీఎఫ్‌ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి) కావాలో, కంప్రెసర్ ఎన్ని ఇస్తుందో పోల్చి చూడమనండి. కంప్రెసర్ అక్కర్లేకుండా తమ ఫ్యాన్‌తోనే గన్‌కి గాలినిచ్చే టర్బైన్ సెట్లు కూడా ఉన్నాయి, సొంతంగా మొదలుపెట్టేవాళ్లకి అవే సులువు. గోడలకి వాడే ఎయిర్‌లెస్ మెషిన్ (గాలితో కాకుండా పెయింట్‌నే పంపుతో నెట్టి చిమ్మేది) నేర్చుకునేవాడి చేతికి ఇవ్వకండి. అందులో ఒత్తిడి వేల పీఎస్‌ఐల్లో ఉంటుంది, వేలు అడ్డం పెడితే పెయింట్ చర్మం లోపలికి దూసుకుపోతుంది. పైకి చిన్న గీతలాగే కనిపిస్తుంది, కానీ వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం అది.

నేర్చుకోవడం అట్టముక్కల మీద, కప్పులో మంచినీళ్లు పోసి మొదలవ్వాలి. గన్ చెక్కకి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరంలో, వంకర లేకుండా సూటిగా ఎదురుగా ఉండాలి, మణికట్టు తిప్పకుండా చెయ్యంతా కదలాలి, ట్రిగ్గర్ అంచుకి ముందే నొక్కి అంచు దాటాక వదలాలి, ప్రతి వరస ముందు వరసని సగం కప్పాలి. చెప్పడానికి నాలుగు ముక్కలే గానీ చేతికి అలవాటు కావడానికి వారాలు పడుతుంది, ఆ వారాలు విసుగ్గా ఉన్నా వదిలిపెట్టనివ్వకండి. తర్వాత ఫినిష్‌ని వడగట్టి, చిక్కదనాన్ని అడుగున రంధ్రం ఉన్న కొలత కప్పుతో చూసి (ఎంతసేపట్లో కారిపోతుందో లెక్కపెట్టి), పనికిరాని ప్లైవుడ్ ముక్కల మీద కొట్టమనండి. పెయింట్ కారిందంటే చెయ్యి నిదానంగా కదిలింది, లేదా గన్ మరీ దగ్గరగా ఉంది. నారింజ తొక్కలా గతుకులొస్తే మెటీరియల్ చిక్కగా ఉండొచ్చు, గాలి చాలకపోవచ్చు. ఆరాక గరుగ్గా పొడిపొడిగా తగిలితే గన్ దూరమై తుంపర దారిలోనే ఆరిపోయిందన్నమాట. తేమ రోజుల్లో లక్కర్ తెల్లబారుతుంది. ఇలా తప్పు చూసి కారణం చెప్పగలిగినవాడికే వర్క్‌షాపులో విలువ. ప్రతి ముక్క వెనకాల నాజిల్ సైజు, ఎంత పల్చన చేశాడు, ఎంత ఒత్తిడి, ఆ రోజు వాతావరణం రాసి దాచుకోమనండి. ఉద్యోగానికి వెళ్లినప్పుడు సర్టిఫికెట్‌తో పాటు ఆ ముక్కలు కూడా పట్టుకెళ్లాలి.

కోర్సు దొరికితే చేర్చండి. దొరక్కపోతే తను చేస్తున్న వర్క్‌షాపులోనే ఫినిషింగ్ చేసే ఆయన దగ్గర కొన్నాళ్లు సహాయకుడిగా ఉండనివ్వండి. సాండింగ్ చేయడం, రోజూ పని అవగానే గన్ విప్పి కడగడం ఇవే అప్పజెబుతారు, చిన్నతనంగా అనుకోవద్దని చెప్పండి. కడగని గన్ మర్నాడు సరిగ్గా కొట్టదు, విప్పి బిగిస్తేనే లోపల సూది, నాజిల్ ఎలా పనిచేస్తాయో అర్థమవుతుంది. ఆయన గన్‌తోనే, నిలబెట్టిన తలుపు మీద చుక్క కారకుండా రెండు పూతలు వేసి చూపించిన రోజున మీ అబ్బాయికి సొంత గన్ కొనివ్వండి.