కెటిల్ అడిగితే బిస్కెట్లిచ్చారు

తమ్ముడూ,

వచ్చే నెల పోలండ్‌కి, వార్సా వస్తున్నావు, ఎలక్ట్రిక్ కెటిల్ తెచ్చుకోవాలా అని అడిగావు. వద్దు, మన మూడు పిన్నుల ప్లగ్గు ఇక్కడి సాకెట్‌లో దూరదు. రెసిడెన్స్ కార్డు, పెసెల్ నంబరు (ఇక్కడి ఆధార్ నంబరు లాంటిది) సంగతులు ప్రభుత్వ సైట్లలో చూసుకో, రూల్స్ మారుతుంటాయి. నాకు దిగులు వేరే.

నేను దిగింది నవంబరులో. నాలుగు కొట్టకముందే చీకటి. గదిలో ఒక్క గిన్నె తప్ప ఏమీ లేదు. టీని పోలిష్‌లో ‘హెర్బాతా’ అంటారని తెలుసు. కెటిల్ పేరు చివర ‘నిక్’ వస్తుందని ఎవరో చెప్పింది సగమే గుర్తుంది. రెండూ కలిపి దుకాణంలో ‘హెర్బాత్నిక్’ అని అడిగాను. దుకాణంలో ఆవిడ బిస్కెట్ల ప్యాకెట్ తెచ్చి నా చేతిలో పెట్టింది. హెర్బాత్నిక్ అంటే టీతో తినే బిస్కెట్టట! కాదని చెప్పడానికి మాట రాక డబ్బులిచ్చి వచ్చేశాను. ఆ రాత్రి గిన్నెలో నీళ్లు కాచుకుని అవే తిన్నాను. తర్వాత మూడు వారాలు అట్టల మీద బొమ్మలు చూసి సరుకులు కొన్నాను తప్ప ఎక్కడా నోరు విప్పలేదు. ఒక మాట తప్పుగా అంటే ఏమవుతుంది? అలా మూగగా తిరగడమే నేను చేసిన పెద్ద తప్పు. మీ తరం పిల్లలకి ఫోనే అనువాదం చేసి పెడుతుంది కాబట్టి నోరు ఇంకా త్వరగా మూతపడుతుంది.

అసలు మాట నేర్పింది పై అంతస్తులో ఉండే పెద్దావిడ. కెటిల్ అంటే ‘చయ్‌నిక్’. అందులో ఉన్నది మన చాయే! రష్యన్ చాయ్ నుంచి వచ్చిన మాట పోలిష్‌లోకి చేరింది. హెర్బాతా మాత్రం లాటిన్ ‘హెర్బా తేఆ’ నుంచి పుట్టింది. చైనాలో ఒకే అక్షరాన్ని కొందరు ‘చా’ అన్నారు, ఫూచియెన్ తీరంలో ‘తె’ అన్నారు. చా పర్షియా మీదుగా మనకొచ్చింది, తె ఓడలెక్కి యూరప్ చేరింది. పోలండ్ వంటింట్లో మాత్రం రెండూ ఉన్నాయి: పొయ్యి మీద చా, గ్లాసులో తె.

ఆవిడ ‘చయ్‌నిచెక్’ అనే చిన్న టీ కూజాలో చిక్కటి డికాక్షన్ దించి, గ్లాసులో కొంచెం పోసి వేడినీళ్లు కలిపేది. నేను పాలు అడిగితే వింతగా చూసింది. పాలు కలిపిన టీని ‘బవార్కా’ అంటారు, బాలింతలకి మంచిదని ఇక్కడి పాత నమ్మకం. అయినా పాలు తెచ్చింది. తలుపు తీసిన ప్రతిసారీ ఆవిడ మొదటి మాట ‘వ్స్తావియె వోదె’, నీళ్లు పెడతాను అని. ‘కూర్చో, టీ పెడతాను’ అని మా అమ్మ అన్నట్టే ఉండేది. ఆ మాట విన్న రోజు నాకు నిద్ర పట్టింది. ఇప్పుడు కరెంటాఫీసులో కూడా పోలిష్‌లోనే వాదించి పని చేయించుకుంటాను.

కెటిల్ ఇక్కడే కొనుక్కో, ఒక్కడివే కదా అని చిన్నది కొనకు. అడుగున తెల్లగా పేరుకునేదాన్ని ‘కామియెన్’ అంటారు, అంటే రాయి. నిమ్మ ఉప్పు వేసి నీళ్లు మరిగించి పారబోస్తే పోతుంది.

నువ్వు దిగేది ఆదివారం. ఆ రోజు ఇక్కడ చాలా దుకాణాలు మూసేస్తారు. తిన్నగా మా ఇంటికి రా, నీళ్లు పెడతాను.