ప్రార్థనలో ‘మేము’ అంటే ఎవరు?

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు నామంలో వందనాలు.

కోత పండుగ ఆరాధన కోసం నువ్వు రాసి పంపిన రెండు ప్రార్థనలూ అందాయి. ఒకటి సృష్టి కోసం, ఇంకొకటి వలస వచ్చినవాళ్ళ కోసం. మూడుసార్లు చదివాను. రెండోసారి గదిలో ఒక్కదాన్నే నిలబడి పైకి చదివాను, ప్రార్థన చెవికి ఎలా వినిపిస్తుందో తెలుసుకోకుండా దాని గురించి ఏమీ చెప్పకూడదు కాబట్టి. నీ తెలుగు బాగుంది. దేవుడితో మాట్లాడేటప్పుడు నీ గొంతులో బెరుకు లేదు, అతివినయమూ లేదు. అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు. ఇక నాకు అడ్డుపడిన చోట్లు చెబుతాను.

మొదట ఒక ప్రశ్న. వీటిని రెండు ప్రార్థనలుగా ఎందుకు రాశావు?

బహుశా క్యాలెండరు చూసి అలా రాసి ఉంటావు. 1989లో ఆర్థడాక్స్ సంఘాల పెద్దగురువు, కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ దిమిత్రియోస్ సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థించే రోజుగా ప్రకటించారు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ కతోలిక సంఘానికి కూడా అదే రోజును నియమించారు. ఆ రోజు నుంచి అస్సీసీ ఫ్రాన్సిస్ పండుగ అయిన అక్టోబరు 4 వరకు ఇప్పుడు చాలా సంఘాలు సృష్టి కాలంగా ఆచరిస్తున్నాయి. ఆ రోజుల మధ్యలోనే, సెప్టెంబరు చివరి ఆదివారం, కతోలికులు వలస వచ్చినవారి కోసం, శరణార్థుల కోసం ప్రార్థిస్తారు. ఆ ఆచారం 1914 నాటిది. రోజులు వేరు, కరపత్రాలు వేరు. అందుకే మనం కూడా వీటిని వేర్వేరు కాగితాల మీద రాస్తున్నాం.

బైబిలు అలా రాయలేదు. రూతు గ్రంథం మొదటి వచనం తీసి చూడు. దేశంలో కరవు కలిగింది, ఒక మనిషి భార్యను, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని బేత్లెహేము విడిచి మోయాబుకు వెళ్ళాడు. నేల ఎండిపోవడం, కుటుంబం మూట కట్టుకోవడం మన తెలుగు అనువాదంలో ఒకే వాక్యం. లేవీయకాండం 25వ అధ్యాయం 23వ వచనమైతే ఇంకా సూటిగా చెబుతుంది: భూమి నాది, మీరు నా దగ్గర కాపురమున్న పరదేశులు. నేల గురించిన ఆజ్ఞా, పరదేశి గురించిన మాటా ఒకే నోట, ఒకే ఊపిరిలో వచ్చాయి. నువ్వు రాయవలసిన ప్రార్థన అంతా ఆ వచనంలో ఉంది. నలభై ఏళ్ళుగా ప్రార్థనలు రాస్తున్న నాకు ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. ఎలా తెలిసిందో చెబుతాను.

మన గుడి ప్రహరీ గోడకు రోడ్డు వైపు మాత్రమే పూత పూశారు. లోపలి వైపు ఇటుకలు ఇటుకలుగానే ఉన్నాయి. బోరు దగ్గర, నడుము ఎత్తులో, ఒక ఇటుక మీద నాలుగు చిన్న గుంటలు కనిపిస్తాయి. పచ్చిగా ఉన్నప్పుడు పడిన వేళ్ళ గుర్తులవి. నా చూపుడు వేలి కొన కూడా ఆ గుంటలో పట్టదు. ఐదారేళ్ళ పిల్ల చెయ్యి అయి ఉంటుంది.

ఊరి బయట ఉన్న బట్టీలకు ఏటా పంట కోతలు అయ్యాక ఒడిశాలోని బలంగీర్, నువాపడ, కలహండి వైపు నుంచి కుటుంబాలు వస్తాయని నీకు తెలుసు. అక్కడ వాన మీద ఆధారపడిన ఒక్క పంట తీసి, గింజలు ఎన్నాళ్ళు వస్తాయో లెక్క వేసుకుని, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బయల్దేరతారు. మళ్ళీ తొలకరికి ముందు వెళ్ళిపోతారు. కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని. తండ్రి మట్టి తడిపి తొక్కుతాడు, తల్లి ముద్దలు చేసి అందిస్తుంది, అచ్చులో కొట్టి వరుసగా బోర్లిస్తారు. ఒకవైపు ఆరాక ఆ ఇటుకలను తిరగెయ్యడం పిల్లల పని. వాళ్ళు తేలికగా ఉంటారు, పచ్చి ఇటుకల మీద నడిచినా అవి విరగవు. అందుకని వాళ్ళకు ఆ పని. మన గోడలో ఉన్నది అలా తిరగేసిన ఒక ఇటుకే.

ఆ మట్టి ఎక్కడిదో కూడా నాకు తెలుసు. చెరువు కింది పొలాల పైమట్టి. ఎకరానికి ఇంతని మాట్లాడుకుని, మోకాలి లోతు తవ్వి ట్రాక్టర్లలో తోలారు. అమ్మినవాళ్ళలో మన సంఘం వాళ్ళూ ఉన్నారు. ఆ మడుల్లో తరవాత వరి ముందులా పండలేదు. అంటే ఆ ఒక్క ఇటుకలో మన పొలం సారమూ ఉంది, బలంగీర్ నుంచి వచ్చిన పసిపిల్ల వేలిముద్రా ఉంది. ఆ గోడ పక్కన కూర్చుని మనం సృష్టి కోసం ఒక కాగితం, వలస కూలీల కోసం ఇంకో కాగితం చదువుతున్నాం.

నిర్గమకాండం ఐదో అధ్యాయం ఆ పిల్ల తండ్రికి చదివి వినిపిస్తే వ్యాఖ్యానం అవసరం ఉండదు. ఐగుప్తులో ఇటుకలు చేసే ఇశ్రాయేలు బానిసలకు మట్టిలో కలిపే గడ్డి ఇవ్వడం ఫరో రాజు మాన్పించాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించవద్దన్నాడు. ఆ లెక్క ఎలా ఉంటుందో ఆయనకు నీకన్నా నాకన్నా బాగా తెలుసు. ప్రార్థన రాసేముందు వాక్యాన్ని ఎవరి పక్కన కూర్చుని చదవాలి అని నన్నడిగితే, ఆయన పక్కన అంటాను.

ఇక నీ భాష దగ్గరకు వస్తాను. నీ రెండో ప్రార్థనలో ‘వారు’ అన్న మాట పదకొండుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. ప్రతిసారీ ‘మేము’ ఇచ్చేవాళ్ళం, ‘వారు’ పుచ్చుకునేవాళ్ళు. మన భాషలో మేము, మనము అని రెండు మాటలున్నాయి. దేవుడితో మాట్లాడేటప్పుడు మనం ‘మేము’ అంటాం. ఆ ‘మేము’లో ఆయన తప్ప, ఆ గదిలో మోకరించిన ప్రతి ఒక్కరూ ఉండాలి. వెనక బెంచీలో బట్టీ నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంటే నీ ప్రార్థనలో ఆమెకు చోటెక్కడ? ‘వారిని కరుణించుము’ అని అందరితో కలిసి తన గురించే తాను అనాలా?

నేనూ ఆ తప్పే చేశాను. పాతికేళ్ళ కిందట, ఎండాకాలంలో ఒక ఆదివారం. ‘ప్రభువా, నిలువ నీడ లేని వలస కూలీలకు నీవే నీడవై యుండుము’ అని నేను రాసిన ప్రార్థనను నేనే చదువుతున్నాను. బట్టీ నుంచి ఒకావిడ ప్లాస్టిక్ బిందె చంకన పెట్టుకుని గేటు దగ్గర నిలబడింది. మన బోరు నీళ్ళ కోసం. ఆరాధన జరుగుతున్నదని గేటుకు తాళం వేసి ఉంది. కిటికీలోంచి నాకు ఆమె కనిపిస్తూనే ఉంది. పెద్దలకు కూడా కనిపించే ఉంటుంది. ఎవరూ లేవలేదు. నేను కాగితం చివరిదాకా చదివాను. సంఘమంతా ‘ఆమేన్’ అన్నాక తల ఎత్తి చూస్తే గేటు దగ్గర ఎవరూ లేరు. ఆ కాగితం ఇప్పటికీ నా బైబిలులో మత్తయి 25వ అధ్యాయం దగ్గర, ‘దప్పిగొంటిని, పరదేశినై యుంటిని’ అని ప్రభువు చెప్పిన చోట ఉంది. మరుసటి ఆదివారం నుంచి గేటు తీసి ఉంచమని నేను అడిగాను, తీసి ఉంచారు. కానీ ఆ రోజు వెనక్కి వెళ్ళినావిడ మళ్ళీ కనిపించలేదు.

అందుకే నీకు ఒక చిన్న పనిముట్టు ఇస్తున్నాను. మన భాషలోనే ఉంది. ‘వచ్చినవారు’ అన్నదానికి ఒక్క సవరణ చేస్తే ‘వచ్చినవారము’ అవుతుంది. నీ ప్రార్థనలో ‘కరవుచేత ఇల్లు విడిచి వచ్చిన వారిని ఆదుకొనుము’ అని ఉంది. నేనైతే ఇలా రాస్తాను:

‘తండ్రీ, ఈ ఊరిలో పుట్టినవారమును, కరవుచేత ఇల్లు విడిచి వచ్చినవారమును, మేమందరము నీ నేలమీద పరదేశులము. కాచుమని నీవిచ్చిన మట్టిని మేము తవ్వి అమ్ముకొంటిమి. ఆ మట్టితో మా గోడ కట్టిన చేతులను మేమెరుగము. దాహమని అవి మా గేటు తట్టినప్పుడు మేము నీతో మాటలాడుచుంటిమి.’

ఇక్కడ ఆగు. వెంటనే ‘క్షమించుము’ అనవద్దు. ఊపిరి పీల్చి వదిలేంత సేపు మౌనం రాయి. అవును, మౌనాన్ని కూడా కాగితం మీద రాయాలి, లేకపోతే చదివేవాళ్ళు కంగారుపడి దాటేస్తారు.

‘మేమందరము పరదేశులము’ అంటే పెద్దలు ఒప్పుకుంటారా అని నీకు అనుమానం రావచ్చు. మన సంఘంలో ఎన్ని ఇళ్ళకు కువైట్ నుంచి డబ్బు వస్తుందో నీ వేళ్ళ మీద లెక్కపెట్టు. అక్కడ శుక్రవారం సెలవు కనుక శుక్రవారం తెలుగు ఆరాధనకు వెళ్ళి, ఫోనులో ఆ పాటలు తల్లులకు వినిపించే పిల్లలు మనవాళ్ళే కదా. పరదేశి అన్న మాట వినగానే ఆ తల్లులు ముందు తలవంచుతారు.

ఇంకా వెనక్కి వెళ్ళాలంటే ఒంగోలు చరిత్ర చెప్పు. 1876లో మొదలైన ధాత కరువులో అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఊళ్ళు విడిచి వచ్చినవాళ్ళకు పని పెట్టించారు. పలుగూ తట్టా పట్టుకున్న ఆ జనం కాలువ గట్టు మీద వేసుకున్న గుడిసెల మధ్య సువార్త విన్నారు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు సాగినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. తరవాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ సంఖ్యను మన ప్రసంగాల్లో ఎంతో సంతోషంగా చెప్పుకుంటాం. దానికి ముందున్న ఎండిన చేలను, కాలువ మట్టిని కూడా చెప్పుకుంటే, తెలుగు సంఘంలో ఒక పెద్ద భాగం వలస కూలీల గుడిసెల్లో పెరిగిందని పిల్లలకు తెలుస్తుంది.

మాటల గురించి కొంచెం. ‘పర్యావరణ పరిరక్షణ’, ‘వాతావరణ మార్పులు’ పత్రికలో చదివితే అర్థమవుతాయి, మోకాళ్ళ మీద ఉన్నప్పుడు నోటికి రావు. ఆదికాండం రెండో అధ్యాయంలో దేవుడు నరుణ్ణి తోటలో ఉంచింది దాన్ని సేద్యపరచడానికి, కాచడానికి. ‘కాచడం’ ఎంత మంచి మాటో చూడు. చేను కాచడమంటే మంచె మీద రాత్రంతా మెలకువగా ఉండడమని మన రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. కాపరి, కాపలా, కాపుదల అన్నీ ఆ మాట పిల్లలే. నీ మొదటి ప్రార్థనలో బరువైన మాటలు తీసేసి ఈ ఒక్క మాట పెట్టి చూడు. గ్రాంథికంలో మొదలుపెడితే గ్రాంథికంలోనే ముగించు. ‘దయచేయుము’ పక్కన ‘ఇవ్వండి’ వస్తే ప్రార్థించేవాళ్ళు తొట్రుపడతారు.

చివర ఒక కష్టమైన సంగతి. 2020 ఏప్రిల్‌లో తెలంగాణ మిరప చేలలో పనిచేసి, లాక్‌డౌన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని ఇంటికి నడిచి వెళుతూ దారిలో ప్రాణం విడిచిన 12 ఏళ్ళ ఆదివాసీ పిల్లతో నీ ప్రార్థన ముగించావు. అది చదువుతూ నేను ఏడ్చాను. అయినా అక్కడ తీసెయ్యమంటాను. ఆ చోట అందరం ఏడుస్తాం, ఏడ్చినందుకు మనసు తేలికపడి భోజనాలకు వెళతాం. ఆ పిల్ల చావు మనకు ఆ తేలికను ఇవ్వకూడదు. ఆమెను ప్రార్థన మొదట్లోకి, కృతజ్ఞతల్లోకి తీసుకురా. మన ఆవకాయలో కారానికి దేవుడికి వందనాలు చెప్పే వాక్యంలోనే ఆ కాయలు కోసిన చేతులను తలుచుకో. 2013లో ఇటలీకి చెందిన లాంపెడూసా దీవిలో పోప్ ఫ్రాన్సిస్ బలిపూజ చేసినప్పుడు, వలస వచ్చినవారి పడవల చెక్కతో చేసిన పాత్రను వాడారు. ఆ చెక్కే అక్కడ సగం ప్రార్థన చేసింది. మన బల్ల మీద గుమ్మడికాయలు, అరటి గెలలు, వరి కంకులు పెడతాం కదా. ఈసారి వాటి పక్కన ఒక పచ్చి ఇటుక పెట్టవచ్చేమో పెద్దలతో మాట్లాడు. నేనూ వస్తాను.

వచ్చే శనివారం సాయంత్రం గుడి ఊడ్చేవేళకు రా. బోరు దగ్గర ఆ ఇటుక చూపిస్తాను, ముందు నువ్వు దాని మీద చెయ్యి పెట్టి చూడాలి. తరవాత బట్టీ దాకా నడుద్దాం. అక్కడ ఒకావిడకు తెలుగు బాగా వచ్చు, ఆమె ఒడియాలో పాడే ప్రార్థన గీతం ఒకటుంది. దాన్ని కోత పండుగ రోజు పాడతారా అని నువ్వే అడగాలి.

నీ మేలు కోరే
అమ్మమ్మ