నాన్నమ్మకి ఇంటి దగ్గరే ఓటు, మీకు మాత్రం బూత్‌లోనే

మీరు అడిగింది ఇదీ: "మాది ఒడిశాలోని రాయగడ. నాన్నమ్మకి 86 ఏళ్లు, నడవలేదు. నేను విశాఖలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. మేమిద్దరం పోస్టులో ఓటు వేయొచ్చా?" నాన్నమ్మగారు వేయొచ్చు. మీకు ఆ వీలు లేదు.

ముందు పెద్దావిడ సంగతి. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవాళ్లకి, 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ వైకల్యం ఉన్నవాళ్లకి పోస్టల్ బ్యాలెట్ ఇస్తారు. ఇదివరకు 80 ఏళ్లకే ఉండేది, 2024 మార్చిలో 85 చేశారు. పేరుకి పోస్టల్ అంటారు గానీ పోలింగ్ సిబ్బందే ఇంటికొచ్చి వేయించుకుని వెళ్తారు. దానికి ఫారం 12డి నింపి ఇవ్వాలి. అసలు చిక్కు గడువుతోనే. నోటిఫికేషన్ వచ్చాక ఐదు రోజుల్లోపు ఆ ఫారం చేరాలి. 2024లో మన వైపు పోలింగ్ మే 13న అయితే, నోటిఫికేషన్ ఏప్రిల్ 18నే వచ్చేసింది. వీధిలో మైకులు జోరందుకునే సరికి ఈ గడువు కాస్తా దాటిపోతుంది. అందుకే బీఎల్ఓ (మీ బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారి) ఎప్పుడో వస్తారులే అని కూర్చోకండి. షెడ్యూల్ ప్రకటించగానే మీరే ఫోన్ చేసి నాన్నమ్మగారి పేరు చెప్పండి. బీఎల్ఓ ఎవరో తెలియకపోతే ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేస్తే చెప్తారు.

పర్లాకిమిడిలో మా పెద్దమ్మ ఇలాగే వేసింది. ఫలానా రోజు వస్తామని ముందే కబురు చేశారు. ఇద్దరు అధికారులు, ఒక పోలీసు, వీడియో తీసే అబ్బాయి వచ్చారు. లోక్‌సభకి తెల్ల బ్యాలెట్, అసెంబ్లీకి గులాబీ రంగుది ఇచ్చారు. బల్ల మీద అట్ట అడ్డం పెట్టి, ఓటు వేసేటప్పుడు వీడియో ఆపేశారు. మా అన్నయ్య సాయం చేద్దామని దగ్గరికి వెళ్లబోతే పెద్దమ్మే "నా ఓటు నేను వేసుకుంటాను, నువ్వు బయటికి నడు" అంది. నాకెంత సంతోషం వేసిందో! చూపు ఆనని వాళ్లు, చెయ్యి కదపలేని వాళ్లు మాత్రం తమకి నచ్చిన మనిషిని తోడు పెట్టుకోవచ్చు. ఆ మనిషి ఎవరన్నది నాన్నమ్మగారే చెప్పాలి, ఇంట్లోవాళ్లు కాదు.

ఇంకో మాట. 12డి మంజూరైతే ఇక బూత్‌లో వేయనివ్వరు. సిబ్బంది వచ్చినప్పుడు మనిషి ఇంట్లో లేకపోతే మరొక్కసారి వస్తారు, అంతే. బూత్‌కే వెళ్లాలని ఆవిడకి కోరిక ఉంటే బలవంతంగా ఫారం పెట్టించకండి. బూత్‌లో వీల్‌చైర్ అడగండి, పెద్దవాళ్లని లైన్‌లో నిలబెట్టరు.

ఇక మీ సంగతి. పోస్టల్ సదుపాయం సైన్యంలో ఉన్నవాళ్లకి, ఎన్నికల డ్యూటీ సిబ్బందికి, ఇంకా కొద్దిమందికే. ఊరు వదిలి పనిచేసే మనలాంటివాళ్లకి లేదు. రాయగడ వెళ్లి వేయండి. లేదా నిజంగా విశాఖలోనే ఉంటున్నారు కాబట్టి ఫారం 8 పెట్టి పేరు అక్కడికి మార్పించుకోండి. సరిహద్దు ఊళ్లలో కొందరు ఓటు అక్కడొకటి, ఇక్కడొకటి ఉంచుకోమని సలహా ఇస్తారు. వినకండి. రెండు చోట్ల పేరు ఉండకూడదన్నది చట్టం, ఫారంలో అబద్ధం రాసినట్టు తేలితే ఏడాది వరకు జైలు పడొచ్చు. పైగా 2024లో ఒడిశా మన వైపు, ఆంధ్రా అంతటా పోలింగ్ ఒకే రోజు జరిగింది.

రాయగడే అనుకుంటే పోలింగ్ రోజు జీతంతో సెలవు మీ హక్కు, ఊరు బయట పనిచేసేవాళ్లకి కూడా వర్తిస్తుంది. కంపెనీని ముందే అడగండి. రైలు ఎక్కేముందు జాబితాలో పేరు చూసుకోండి. ఓటరు స్లిప్ ఒక్కటే చాలదు, ఓటరు కార్డో ఆధారో వెంట ఉండాలి. ఒడియా చదవడం రాదని టెన్షన్ పడక్కర్లేదు, మిషన్ మీద అభ్యర్థి ఫొటో, గుర్తు రెండూ ఉంటాయి. బటన్ నొక్కాక పక్కన వీవీప్యాట్ అనే మిషన్ అద్దంలో స్లిప్ ఏడు సెకన్లు కనిపిస్తుంది, మీరు నొక్కిన గుర్తే వచ్చిందో లేదో చూసుకుని బయటికి రండి.