నాలుగో గేరు వెయ్యబోతే రెండు పడింది: ఎస్2000 ఇంజన్‌లో ఏం చూడాలి?

ప్రశ్న క్లుప్తంగా: అమెరికాలో ట్రాక్ డే (సొంత కారుని రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజు), 2002 హోండా ఎస్2000. మూడో గేరులో 8800 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ చుట్లు) దగ్గర నాలుగుకి లాగితే లివర్ రెండులోకి వెళ్ళింది. క్లచ్ వదలగానే వెనక టైర్లు కీచుమన్నాయి, వెంటనే మళ్ళీ క్లచ్ తొక్కారు. ఇప్పుడు ఐడిల్ మామూలుగా ఉంది, చెక్ ఇంజన్ లైటు లేదు. రెవ్ లిమిటర్ ఉంది కదా, ఇంటిదాకా నడుపుకుంటూ పోవచ్చా?

నడపకండి. ట్రైలర్ మాట్లాడుకోండి, లేదా టో ట్రక్కుని పిలవండి. ఐడిల్ బాగుంది కాబట్టి ఇంజన్ బాగుందనుకోవడమే ఈ కారు విషయంలో చాలామందిని ముంచింది. వాల్వులు వంగకుండా బయటపడినా వాటిని పట్టి ఉంచే రిటైనర్లు చిట్లి ఉండొచ్చు. చిట్లిన రిటైనర్ అప్పటికప్పుడే ఊడదు. కొన్నాళ్ళు బండి శుభ్రంగా తిరుగుతుంది, ఆ తర్వాత ఎప్పుడో 9000 దాకా లాగినప్పుడు వాల్వు ఊడి సిలిండర్లో పడుతుంది. అప్పుడు పిస్టన్, హెడ్ రెండూ పోతాయి, ఒక్కోసారి బ్లాక్ కూడా.

లిమిటర్ చెయ్యగలిగింది ఇంధనం ఆపడం ఒక్కటే. మీరు యాక్సిలరేటర్ తొక్కి ఇంజన్‌ని ఎర్రగీత దాటించబోతే అది కాపాడుతుంది. ఇక్కడ ఇంజన్‌ని తిప్పింది పెట్రోలు కాదు, బండి వేగం. చక్రాలు డిఫరెన్షియల్, గేర్‌బాక్స్, క్లచ్ మీదుగా క్రాంక్‌ని, అంటే ఇంజన్ ప్రధాన షాఫ్టుని, బలవంతంగా తిప్పాయి. మీ బండిలో రెండో గేరు నిష్పత్తి 2.045, మూడు 1.481, నాలుగు 1.161. 8800 దగ్గర నాలుగు పడి ఉంటే ఇంజన్ 6900కి దిగేది. రెండు పడితే 8800ని 2.045తో గుణించి 1.481తో భాగించాలి, అంటే దాదాపు 12,150. ఇది గరిష్ఠం. టైర్లు జారాయి, క్లచ్ పూర్తిగా పట్టకముందే తొక్కేశారు, కాబట్టి అసలు అంకె ఇంతకంటే తక్కువే అయ్యుండాలి. ఎంత తక్కువో డ్యాష్‌లో టాకో (ఆర్‌పీఎం మీటరు) చూసి చెప్పలేం, అది క్షణంలో జరిగిపోతుంది. వేగాన్ని రికార్డు చేసే జీపీఎస్ లాగర్ ఉంటే కొంత తెలుస్తుంది: స్టాక్ 16 అంగుళాల టైర్లతో రెండో గేరులో గంటకి 110 కిలోమీటర్లంటే సుమారు 9000. క్లచ్ వదిలిన క్షణానికి వేగం ఎంతుందో చూసి ఆ దామాషాలో లెక్క కట్టుకోండి.

మీరు వెంటనే క్లచ్ తొక్కడం మంచి పని. అయితే క్లచ్ తొక్కి ఉంచి లివర్‌ని రెండులోనే వదిలేస్తే ఇంకో ప్రమాదం ఉంది. ఇంజన్ విడిపోయినా క్లచ్ ప్లేటు గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ మీదే ఉంటుంది, చక్రాలు దాన్ని ఆ 12 వేలకి తిప్పుతూనే ఉంటాయి. ఆ వేగానికి లైనింగ్ ఊడి చెదిరిపోగలదు. అందుకే క్లచ్ తొక్కిన వెంటనే న్యూట్రల్. ఈ రెండోది చాలామంది చెప్పరు.

ఇక లోపల ఏం జరుగుతుందంటే, వాల్వుని తెరిచేది కామ్, మూసేది స్ప్రింగే. ఇంజన్ స్ప్రింగు సత్తా దాటి తిరిగితే వాల్వు కామ్‌ని వదిలేసి గాల్లో తేలుతుంది, ఆలస్యంగా వచ్చి సీటు మీద దబ్బున పడి ఎగురుతుంది. ఈలోపు పైకొచ్చే పిస్టన్ దాన్ని గుద్దితే కాండం వంగుతుంది. పిస్టన్ తగలకపోయినా ఆ దెబ్బంతా రిటైనర్ మీద పడుతుంది. రిటైనర్ మధ్య రంధ్రం కోన్ ఆకారంలో ఉంటుంది, రెండు చిన్న కీపర్లు అందులో కూర్చుని వాల్వు కాండాన్ని పట్టుకుంటాయి. ఏపీ1 (మీ 2002 బండి తరం పేరు) రిటైనర్ చిట్లేది సరిగ్గా ఆ రంధ్రం అంచు దగ్గరే. చిట్లాక కీపర్లు కొంచెం కొంచెంగా కిందికి జారుతూ పోతాయి.

కింద భాగానికీ భారం తక్కువేం పడదు. 84 మిల్లీమీటర్ల స్ట్రోక్‌తో 9000 దగ్గరే పిస్టన్ సగటు వేగం సెకనుకి 25 మీటర్లు, 12,150 దగ్గర 34. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే రాడ్ బోల్టుల మీద లాగుడు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి దాదాపు 1.8 రెట్లు. అయినా ఈ ఇంజన్‌లో ముందు దెబ్బతినేది పై భాగమే, వెతకడం అక్కడినుంచే మొదలుపెట్టండి.

ఇంజన్ రాత్రంతా చల్లారాక టాపెట్ కవర్ విప్పండి. టార్చి వేసి పదహారు వాల్వుల్లో ఒక్కోదాన్నీ పక్కదానితో పోల్చి చూడండి. కీపర్ల పైఅంచు రిటైనర్ పైతలానికి ఎంత ఎత్తులో ఉందో అన్నింటిలో ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో కీపర్లు లోపలికి దిగినట్టు కనిపిస్తే ఆ రిటైనర్ అయిపోయినట్టే, ఆ ఇంజన్‌ని ఇక స్టార్ట్ చెయ్యొద్దు. తర్వాత ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులు) టాపెట్ క్లియరెన్స్, అంటే వాల్వు కొసకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు, కొలవండి: ఇన్‌టేక్ 0.21 నుంచి 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.25 నుంచి 0.29. వంగిన వాల్వు పూర్తిగా మూసుకోదు, దాని కొస కిందే ఉండిపోతుంది, కాబట్టి అక్కడ క్లియరెన్స్ ఎక్కువ వస్తుంది. మిగతావన్నీ సరిగ్గా ఉండి ఒక్కటే బాగా వదులుగా ఉంటే దాన్ని అనుమానించండి. సర్దేసి వదిలెయ్యకండి, అసలు ఆధారం అక్కడే పోతుంది.

కీపర్లన్నీ సమంగా ఉంటే కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి కడుతుందో గేజ్ పెట్టి చూడడం. ఇంజన్ వేడిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీసి, ఇంధనం ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి గేజ్ ముల్లు ఆగేదాకా స్టార్టర్‌తో తిప్పండి. సిలిండర్ల మధ్య తేడా 200 కిలోపాస్కల్స్ దాటకూడదు. దాటితే లీక్‌డౌన్ టెస్ట్ పెట్టి, అంటే సిలిండర్లోకి గాలి ఎక్కించి, అది ఎక్కడ తప్పించుకుంటుందో చెవితో వినండి: థ్రాటిల్ బాడీలో ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్ గొట్టంలో ఎగ్జాస్ట్ వాల్వు, డిప్‌స్టిక్ రంధ్రంలో రింగులు. ప్లగ్గు రంధ్రంలోంచి బోర్‌స్కోప్ (సన్నటి కెమెరా) దింపితే పిస్టన్ తల మీద వాల్వు తగిలిన చోట కొత్తగా మెరిసే నెలవంక గాటు కనబడుతుంది.

ఇవన్నీ పాసైనా రిటైనర్లు మార్చమనే నా సలహా. సన్నటి చిట్లు స్ప్రింగు ఒత్తిడిలో ఉండగా కనబడదు, కంప్రెషన్‌లో అసలు తేలదు. 2004 నుంచి వచ్చిన ఏపీ2 (తర్వాతి తరం) రిటైనర్లు ఇంకా గట్టివి, మీ హెడ్‌లో నేరుగా కూర్చుంటాయి. 16 రిటైనర్లు, 32 కీపర్లు. కీపర్లు కూడా ఏపీ2వే కావాలి, పాతవాటితో కలపకూడదు. టాపెట్ కవర్ గ్యాస్కెట్ సెట్టు కూడా తెప్పించుకోండి. హెడ్ దించక్కర్లేదు. కామ్‌లు, రాకర్ అసెంబ్లీ తీశాక ఆ సిలిండర్ పిస్టన్‌ని పైకొసకి తెచ్చి, ప్లగ్గు రంధ్రంలో కంప్రెసర్ గాలి సుమారు 7 బార్ పెడితే వాల్వులు పైనే నిలబడతాయి. గాలి ఒత్తిడికి క్రాంక్ తిరగకుండా కట్టడి చేసుకోవాలి. కీపర్ జారి చెయిన్ వైపు పడితే పని పదింతలవుతుంది, కాబట్టి రంధ్రాలన్నీ గుడ్డలతో మూసి మొదలుపెట్టండి. తీసిన రిటైనర్లని భూతద్దంతో చూడండి. ఒక్కటి చిట్లినా ఆ వాల్వుకి మళ్ళీ లీక్‌డౌన్ చెయ్యాలి.

కింద భాగానికి ఆయిల్ దించి, ఫిల్టర్ కోసి కాగితం మడతలు విప్పి చూడండి. అయస్కాంతానికి అంటని రాగి రంగు తళుకులుంటే బేరింగు పోతోంది, సంప్ (కింది ఆయిల్ తొట్టి) దించాల్సిందే. స్టార్ట్ చేశాక టిక్‌టిక్‌మని క్రాంక్ వేగంలో సగానికి వినబడేది వాల్వుల వైపు నుంచి. ప్రతి చుట్టుకీ లోతుగా కొట్టేది రాడ్ నుంచి. ఈ బండికి చెయిన్ టెన్షనర్ గలగలలాడే జబ్బు విడిగా ఉంది, అది విని కంగారు పడకండి.

పోర్షే 997 లాంటి కార్లలో ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) ఇలా ఎర్రగీత దాటడాన్ని రాసిపెడుతుంది, కొనేవాళ్ళు దాన్ని చూసుకోవచ్చు. మీ హోండాలో అలాంటి లెక్క లేదు, కాబట్టి చేసిన పని బిల్లులు దాచుకోండి, అమ్మేటప్పుడు చూపించండి.

మళ్ళీ జరగకుండా ఉండాలంటే పిడికిలి వదలండి. ఎడమ పక్క కూర్చుని కుడి చేత్తో లివర్‌ని గట్టిగా పట్టి లాగితే చెయ్యి సహజంగా ఒంటివైపు వస్తుంది, అంటే రెండు వైపు. మూడు నుంచి నాలుగుకి అరచేతిని తెరిచి, వేళ్ళతో నేరుగా వెనక్కి లాగండి. లివర్ స్ప్రింగే దాన్ని మధ్య వరసలో ఉంచుతుంది. ఇండియాలో కుడి పక్క కూర్చునేవాళ్ళకి ఇదే ప్రమాదం ఐదు నుంచి నాలుగుకి దించేటప్పుడు వస్తుంది: ఒంటి నుంచి దూరంగా నెడుతూ లాగితే రెండులో పడుతుంది. గేరు వేగం, షాఫ్టు వేగం కలవనప్పుడు గేర్‌బాక్స్‌లోని సింక్రో (ఆ వేగాల్ని కలిపే రింగు) లివర్‌ని అడ్డుకుంటుంది. మామూలుకంటే బిగువుగా తగిలితే బలం పెట్టకుండా ఆగండి. ఎస్2000లో లివర్ నేరుగా గేర్‌బాక్స్ మీదే ఉంటుంది, ఇంజన్ మౌంట్లు అరిగితే మలుపుల్లో గేటు మొత్తం పక్కకి కదులుతుంది. హుడ్ ఎత్తి, లోపల కూర్చున్న ఇంకొకరిచేత బ్రేకు తొక్కించి ఉంచి క్లచ్ కొద్దిగా పట్టించి, ఇంజన్ ఎంత ఊగుతుందో చూసి మౌంట్లు మార్చేసుకోండి.